మంచులో బతికి మేలో పూసే చిన్న జెముడు: పిన్‌కుషన్ కాక్టస్‌ను పెరట్లో పెంచే పద్ధతి

2022 డిసెంబరు 22న అమెరికాలోని కొలరాడో రాష్ట్రం, డెన్వర్‌లో ఉష్ణోగ్రత మైనస్ 24 డిగ్రీల ఫారన్‌హీట్‌కు పడిపోయింది. సెల్సియస్‌లో దాదాపు మైనస్ 31. ముందు రోజు మధ్యాహ్నం స్వెటర్ వేసుకుని తిరిగాం, సాయంత్రానికల్లా ఊరంతా గడ్డకట్టింది. మా పెరటి గట్టు మీద అప్పటికి పదకొండు జెముడు మొక్కలున్నాయి, ఒక్కొక్కటీ నిమ్మకాయంత. పైన కప్పు లేదు, దుప్పటి కప్పలేదు. మే నెలాఖరుకి పదకొండూ పూశాయి.

అంతకు మూడేళ్ళ ముందు ఇదే రకం మొక్కలు నాలుగు తెచ్చి కుండీల్లో పెట్టాను. చలికి తట్టుకోలేవేమోనన్న టెన్షన్‌తో గరాజ్‌లోకి మార్చి, ఎండిపోతాయేమోనని నెలకోసారి నీళ్ళు పోశాను. మార్చికల్లా నాలుగూ మెత్తబడి, ముట్టుకుంటే లోపలికి దిగిపోయేలా అయ్యాయి. కింద రాసిందంతా ఆ నాలుగింటి దగ్గర నేర్చుకున్నదే. ఈ మొక్క విషయంలో చలి గురించి బెంగ పెట్టుకోకండి. చలిలో ఉన్నప్పుడు వేరు దగ్గర తడి లేకుండా చూడండి. గట్టు కట్టడం, కంకర పరవడం, నీళ్ళు ఆపే తేదీ, అన్నీ దానికోసమే.

ముందు మొక్కను గుర్తుపట్టాలి

దీని శాస్త్రీయ నామం ఎస్కోబేరియా వివిపారా. ఇంగ్లీషులో పిన్‌కుషన్ కాక్టస్, స్పైనీ స్టార్, బాల్ కాక్టస్ అని ఒక్కో చోట ఒక్కో పేరు. 1811లో మిస్సోరి నది వెంట ప్రయాణం చేసిన థామస్ నట్టాల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు మాండన్ తెగ ఊళ్ళ దగ్గర దీన్ని చూశాడు. 1813లో కాక్టస్ వివిపారస్ అని పేరు పెట్టాడు. వివిపారా అంటే పిల్లల్ని కనేది అని అర్థం. ముదిరిన మొక్క మొదట్లో పిలకలు వేసి గుంపు కడుతుంది కనుక పేరు బాగానే కుదిరింది. ఇంటిపేరు మాత్రం కుదురుగా నిలవలేదు. మామిలేరియా అన్నారు, కోరిఫాంతా అన్నారు, ఎస్కోబేరియా అన్నారు, 2022లో పెలెసిఫోరాలో చేర్చారు. నర్సరీ జాబితాల్లో ఇప్పటికీ ఎస్కోబేరియా, కోరిఫాంతా పేర్లే ఎక్కువ కనిపిస్తాయి. వెతికేటప్పుడు రెండూ వెతకండి.

కెనడాలోని ఆల్బర్టా, సస్కాచువాన్, మానిటోబా గడ్డి మైదానాల నుంచి కొలరాడో, న్యూ మెక్సికో, టెక్సస్ మీదుగా ఉత్తర మెక్సికో దాకా ఇది సహజంగా పెరుగుతుంది. పడమటి వైపు యూటా, నెవాడా, కాలిఫోర్నియా ఎడారి దాకా కూడా దీని రకాలున్నాయి. ఇంత విస్తారంగా పెరిగే జెముళ్ళు తక్కువ.

కొలరాడో మైదానంలో, కొండల అంచుల్లో తిరిగితే నాలుగు రకాల చిన్న గుండ్రటి జెముళ్ళు కనిపిస్తాయి. కొత్తవాళ్ళు నాలుగింటినీ ఒకటే అనుకుంటారు. పువ్వు లేనప్పుడు ఒళ్ళు చూడాలి. మన మొక్క ఒంటి నిండా బుడిపెలుంటాయి. ఒక్కో బుడిపె కొసన ముళ్ళ కుచ్చు ఉంటుంది. ముదిరిన బుడిపె పై వైపున సన్నటి గాడి కొస నుంచి మొదలు దాకా దిగుతుంది. భూతద్దం పెట్టి చూస్తే స్పష్టంగా తెలుస్తుంది. పెడియోకాక్టస్ సింప్సోనీ అనే కొండ జాతికి బుడిపెలున్నా ఈ గాడి ఉండదు, పువ్వు కూడా ముందే వస్తుంది. ఎకినోసీరియస్ విరిడిఫ్లోరస్‌కు బుడిపెల బదులు నిలువుగా పక్కటెముకల్లాంటి గట్లుంటాయి. పసుపు, ఆకుపచ్చ కలిసిన చిన్న పూలు పక్కల నుంచి పూస్తుంది. అన్నిటికంటే దగ్గరి చుట్టం ఎస్కోబేరియా మిస్సూరియెన్సిస్. గాడి దానికీ ఉంటుంది. కానీ దాని పువ్వు లేత పసుపు, పండు ఎర్రగా మారి మరుసటి వసంతం దాకా అలాగే ఉండిపోతుంది, గింజ నలుపు. మనదాని పువ్వు గులాబీ నుంచి ముదురు మెజెంటా దాకా ఉండి సరిగ్గా నడినెత్తిన పూస్తుంది. పండు పచ్చగానే ఉంటుంది, గింజ ఎర్రటి గోధుమ రంగు.

మన పల్లెల్లో చేలకు కంచెగా చూసిన నాగజెముడు కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిందే. అయితే దాని నూగు ముళ్ళు చర్మంలో దిగితే రోజుల తరబడి గుచ్చుకుంటూనే ఉంటాయి. పిన్‌కుషన్‌కు ఆ నూగు ఉండదు. ముళ్ళు నిటారుగా ఉంటాయి, గుచ్చుకుంటే నొప్పే, లాగితే వచ్చేస్తాయి. పిల్లలున్న ఇంట్లో ఇది చిన్న లాభం కాదు.

మొక్కను ఎక్కడ నుంచి తెచ్చుకోవాలి

కొండ మీద కనిపించిందని తవ్వి తెచ్చుకోవద్దు. నేషనల్ పార్కుల్లో మొక్కలు తీయడం నేరం. అరిజోనాలో స్థానిక జెముళ్ళన్నిటికీ చట్టరక్షణ ఉంది, అనుమతి పత్రం, ట్యాగు లేకుండా కదిలించకూడదు. మిన్నెసోటాలో రాష్ట్రానికి పడమటి అంచున గ్రానైట్ బండల మీద కొద్ది చోట్ల మాత్రమే మిగిలింది, అక్కడ అంతరించిపోయే జాబితాలో ఉంది. దేశం దాటించాలంటే అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం కింద అనుమతులు కావాలి. ఇండియా వెళ్ళేటప్పుడు సూట్‌కేసులో ఒక పిలక వేసుకెళ్దామనే ఆలోచన మానుకోండి. చట్టం మాట పక్కన పెట్టినా, తవ్వి తెచ్చిన మొక్క వేళ్ళు తెగిపోయి చాలాసార్లు రెండేళ్ళలో పోతుంది.

గింజ నుంచి పెంచినదని చెప్పే నర్సరీలో కొనండి, లేదా స్థానిక మొక్కల సంఘాలు వసంతంలో పెట్టే అమ్మకాల్లో చూడండి. కొనేటప్పుడు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగాలి. గింజ ఏ ప్రాంతానిది? కాలిఫోర్నియా ఎడారి రకానిదీ, వయోమింగ్ మైదానానిదీ పేరు ఒకటే, ఓర్పు వేరు. మొదటిదాన్ని మీరు కెనడా సరిహద్దు దగ్గర నాటితే మొదటి శీతాకాలమే ఆఖరుది కావచ్చు. సమాధానం తెలియని చోట నేనైతే కొనను.

రెండు మొక్కలైనా, వేర్వేరు గింజల నుంచి పెరిగినవి తీసుకోండి. ఒకే తల్లి పిలకలు రెండైతే గింజ కట్టడానికి పనికిరాకపోవచ్చు.

చోటు ఎంచుకోవడం

రోజుకు ఆరు గంటలు తగ్గకుండా నేరుగా ఎండ తగలాలి. దక్షిణం వైపైనా పడమటి వైపైనా మంచిదే. ఎండ తక్కువైన చోట మొక్క బతుకుతుంది కానీ గుండ్రం పోయి పొడుగ్గా సాగుతుంది, పూత రాదు.

ఎండకంటే ముందు చూడాల్సినవి రెండున్నాయి. ఒకటి, ఇంటి కప్పు అంచు. చూరు నుంచి నీళ్ళు కారే వరుసలోనూ, కప్పు మీది మంచు జారిపడే చోటా నాటకూడదు. రెండు, లాన్ స్ప్రింక్లర్. గడ్డికి రోజు విడిచి రోజు నీళ్ళు చిమ్మే ఆ యంత్రం చుట్టుపక్కల జెముళ్ళను నెమ్మదిగా చంపేస్తుంది. స్ప్రింక్లర్ నడిచేటప్పుడు చినుకు ఎంత దూరం పడుతోందో, గాలికి ఎటు కొట్టుకొస్తోందో ఒకసారి నిలబడి చూసి, అది దాటాకే చోటు గుర్తుపెట్టండి. నడకదారి పక్కనైతే మంచు కరిగించడానికి చల్లే ఉప్పు చేరకుండా చూసుకోవాలి.

గట్టు కట్టడం

అసలు పని ఇదే. డెన్వర్ చుట్టుపక్కల చాలా పెరళ్ళలో నేల బంకమట్టి. మన రెగడి నేలలాగే తడిస్తే జిగురు, ఎండితే నెర్రెలు. అందులో గొయ్యి తీసి ఇసుక కలిపితే సరిపోతుందని చాలామంది సలహా ఇస్తారు. నేనూ చేశాను. బంకమట్టిలో కాస్త ఇసుక కలిపితే ఇటుకకు మట్టి సిద్ధమవుతుంది. పైగా ఆ గొయ్యి తొట్టిలా పనిచేసి చుట్టూ ఉన్న నీళ్ళన్నీ అందులోకే దిగుతాయి. కిందికి తవ్వకుండా పైకి కట్టండి.

నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అడుగు ఎత్తు గట్టు ఐదారు మొక్కలకు చాలు. అంచులు వాలుగా ఉంటాయి కనుక దాదాపు 8 ఘనపుటడుగుల మిశ్రమం పడుతుంది. ఐదు గాలన్ల బకెట్లతో కొలిస్తే పన్నెండు. నా లెక్క ఇది: ఏడు బకెట్లు గులక, మూడు బకెట్లు ముతక ఇసుక, రెండు బకెట్లు పెరటి మట్టి. కంపోస్టు లేదు, పేడ లేదు, పీట్ మాస్ అనే ఎండు నాచు లేదు. చూడ్డానికి ఇందులో గడ్డి కూడా మొలవదనిపిస్తుంది. నమ్మకంగా కలిపేయండి.

గులకలో రకం ముఖ్యం. కొలరాడోలో రాళ్ళు అమ్మే యార్డుల్లో స్క్వీజీ అని అడిగితే జొన్న గింజ నుంచి శనగ గింజ దాకా సైజున్న, కడిగిన గులక ఇస్తారు. అదే కావాలి. వేరే రాష్ట్రాల్లో ఆ మాట తెలియకపోవచ్చు, అక్కడ పీ గ్రావెల్ అడగండి. క్రషర్ ఫైన్స్ తెచ్చుకోవద్దు. అందులోని రాతిపొడి తడిసి ఆరాక సిమెంటులా పట్టేస్తుంది, నడకదారులకు బాగుంటుంది, వేళ్ళకు కాదు. ఇసుకకూ అంతే, పిల్లలు ఆడుకునే ప్లే శాండ్ మరీ సన్నం. కాంక్రీట్ శాండ్ అని అడగండి.

గట్టు కట్టే చోట గడ్డిని వేళ్ళతో సహా తీసేసి, నేల పై పొరను పారతో నాలుగంగుళాల లోతు కుళ్ళగించండి. గట్టుకూ నేలకూ మధ్య గట్టి పొర మిగిలితే నీళ్ళు అక్కడ నిలుస్తాయి. కలుపు రాకుండా కింద ప్లాస్టిక్ గుడ్డ పరిచే అలవాటు ఈ దేశంలో బాగా ఉంది. ఇక్కడ వద్దు. మిశ్రమం పోశాక తలకాయంత రాళ్ళు నాలుగైదు సగం దాకా పాతండి. రాయి కింద వేరుకు చల్లదనం దొరుకుతుంది, రాయి పక్కన చిన్న మొక్కకు గాలి దెబ్బ తగ్గుతుంది. ఓపికున్నవాళ్ళు పలకరాళ్ళను పుస్తకాల అరలోలా నిలువుగా పాతి, వాటి సందుల్లో నాటుతారు. దాన్ని క్రెవిస్ గార్డెన్ అంటారు. డెన్వర్ పక్కనున్న ఆర్వాడాలోని ఏపెక్స్ సిమ్స్ సెంటర్ ముందు పెద్దది ఉంది, దారిలో ఆగి చూడొచ్చు.

కట్టడం అయ్యాక ఒక బకెట్ నీళ్ళు గట్టు నెత్తిన గుమ్మరించండి. పోసిన నీళ్ళు పోసినట్టే ఇంకిపోవాలి. రెండు నిమిషాలైనా మడుగు కనిపిస్తుంటే గులక ఇంకో రెండు బకెట్లు కలపాల్సిందే.

వానలు ఎక్కువ పడే తూర్పు రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళు గట్టు ఎత్తు ఒకటిన్నర అడుగులకు పెంచి, మట్టిని ఒక బకెట్‌కు తగ్గించుకోవాలి. డెన్వర్‌లో ఏడాది మొత్తం వానా మంచూ కలిపి 14, 15 అంగుళాలే. దానికి రెండింతలు, మూడింతలు పడే చోట నా లెక్క పనిచేయదు.

నాటడం

మే మొదటి వారం నుంచి జూన్ దాకా మంచి కాలం. సెప్టెంబరులో నాటితే వేరు పట్టుకోకముందే చలి వచ్చేస్తుంది.

పోస్టులో వచ్చే మొక్కలు చాలావరకు మట్టి లేకుండా వట్టి వేళ్ళతో వస్తాయి. చూసి కంగారు పడకండి. నీడలో రెండు మూడు రోజులు ఆరనివ్వండి, వేళ్ళకు తగిలిన గాయాలు మానతాయి. కుండీలో వచ్చినదైతే పాత మట్టిని మొత్తం దులిపేయాలి. నర్సరీ మట్టి పీట్‌తో చేసినది, స్పాంజిలా తడి పట్టుకుని కూర్చుంటుంది. గట్టు ఎంత బాగా కట్టినా వేరు చుట్టూ ఆ ముద్ద ఉంటే కట్టి ప్రయోజనం లేదు.

మొక్కను పట్టుకోవడానికి న్యూస్ పేపర్‌ను నాలుగు మడతలు పెట్టి నడుముకు చుట్టండి, లేదా వంటింటి పట్టకారుతో మెల్లగా పట్టుకోండి. వేళ్ళు నిటారుగా దిగేంత గుంట తీసి, పొడిగా ఉన్న మిశ్రమంలో పొడిగానే నాటండి. మొదలు చుట్టుపక్కల మట్టం కంటే అర అంగుళం పైకే ఉండాలి. తర్వాత మొక్క మెడ దాకా ఒకటిన్నర అంగుళాల మందాన గులక పరచండి. చెక్క పొట్టు, బెరడు ముక్కలు ఎంత అందంగా ఉన్నా పరచకూడదు. మొక్కకూ మొక్కకూ ఎనిమిది అంగుళాలు వదలండి. ఇప్పుడు బోసిగా కనిపించినా పిలకలు వచ్చాక చోటు సరిపోతుంది.

వారం రోజులు నీళ్ళు పోయకూడదు. గ్రీన్‌హౌస్‌లో పెరిగిన మొక్కకు ఎత్తైన ప్రాంతపు ఎండ వెంటనే పడదు, తెల్లగా కాలిన మచ్చ పడితే జీవితాంతం అలాగే ఉంటుంది. రెండు వారాలపాటు మధ్యాహ్నం పూట పల్చటి గుడ్డ నీడ పెట్టండి.

నీళ్ళు

మొదటి వేసవిలో పది, పన్నెండు రోజులకోసారి. పోసినప్పుడు కిందిదాకా దిగేలా పోయాలి, రోజూ చిలకరించడం కంటే పోయకపోవడమే నయం. రెండో ఏడాది నుంచి మే, జూన్, జూలైలలో నెల రోజులు వాన లేకపోతే ఒక్కసారి. మొగ్గ కనిపించినప్పుడు ఒక్క తడి ఇస్తే పూత బాగా వస్తుందని నా అనుభవం.

ఆగస్టు 15 దాటాక పూర్తిగా ఆపేయాలి. మా ఇంట్లో ఆ రోజు జెండా పండగతో పాటు పైపు చుట్టేసే పండగ. ఎందుకు ఆపాలంటే, చలి దగ్గరపడే కొద్దీ ఈ మొక్క ఒంట్లో నీళ్ళు తగ్గించుకుంటుంది. మిగిలిన రసం చిక్కబడుతుంది, చిక్కటి రసం తొందరగా గడ్డకట్టదు. గడ్డకట్టినా మంచు ముందు కణాల బయట కడుతుంది, కణం పగలదు. ఆ పని జరగాలంటే వేరు దగ్గర పొడిగా ఉండాలి. సెప్టెంబరులో నీళ్ళు పోశామంటే తయారవుతున్న మొక్కను మళ్ళీ ఉబ్బించినట్టే.

ఎరువు దాదాపు అక్కర్లేదు. నత్రజని ఎక్కువైతే ఒళ్ళు మెత్తగా పెరిగి చలికి దెబ్బతింటుంది.

చలికాలం

నవంబరులో మొక్క చూస్తే భయం వేస్తుంది. సగానికి ముడుచుకుపోయి, ముడతలు పడి, రంగు ఊదాగా మారి, నేల మట్టానికి దిగిపోతుంది. చచ్చిపోయిందనుకుని పీకేసినవాళ్ళు నాకు తెలుసు. చచ్చిందో లేదో తెలుసుకోవడానికి పెన్సిల్ కొసతో పక్కన నొక్కి చూడండి. గట్టిగా ఉంటే బతికే ఉంది. మెత్తగా లోపలికి దిగి తడి వాసన వస్తే కుళ్ళింది, తీసి పారేసి ఆ చోటి మిశ్రమం కూడా మార్చండి.

మంచు పడితే తుడవొద్దు, పొడి మంచు దుప్పటిలా కాపాడుతుంది. కానీ పారతో దారి శుభ్రం చేసి ఆ మంచంతా గట్టు మీద కుప్ప పోయకండి. చలికాలంలో మంచు కాకుండా వాన పడే ప్రాంతాల్లో మాత్రం కప్పు కావాలి. నాలుగు కర్రలు పాతి, పైన పారదర్శకమైన రేకు వాలుగా బిగించి, నాలుగు పక్కలూ తెరిచి ఉంచండి. మూసేస్తే లోపల చెమ్మ చేరుతుంది.

కుండీలో పెంచుతానంటే బయటే, వాన పడని చూరు కింద పెట్టి, నవంబరు నుంచి మార్చి దాకా చుక్క నీళ్ళు పోయకండి. ఇంట్లో హీటర్ పక్కన పెట్టిన పిన్‌కుషన్ పూయదు. దానికి ఆ నాలుగు నెలల నిద్ర కావాలి.

గింజ నుంచి

సహనం ఉంటే ఇదే మంచి దారి. గింజ నుంచి పువ్వుకు మూడు నుంచి ఐదేళ్ళు. డిసెంబరు, జనవరిలలో చిన్న కుండీలో గట్టు మిశ్రమమే జల్లించి పోసి, గింజలు పైన చల్లి, కనీకనిపించనంత పల్చగా ముతక ఇసుక వేసి, ఎలుకలు, పిట్టలు రాకుండా జాలీ బిగించి బయట వదిలేయండి. మంచు పడి కరిగి, పడి కరిగి గింజను లేపుతుంది. ఏప్రిల్, మేలలో పచ్చటి ఆవగింజల్లా మొలకలు వస్తాయి. మొక్క పెద్దయ్యాక వద్దన్నవన్నీ మొదటి ఏడాది మొలకకు కావాలి: కాస్త నీడ, పైపైన ఎండిపోని చెమ్మ. నత్తలు ఒక్క రాత్రిలో కుండీ ఖాళీ చేయగలవు, చూసుకోవాలి.

పిలక వేరు చేయాలంటే జూన్‌లో శుభ్రమైన చాకుతో కోసి, గాయం ఎండేదాకా వారం పదిరోజులు నీడలో ఉంచి నాటండి.

కలుపు, పురుగు

చీట్‌గ్రాస్ అనే గడ్డి జెముడు మధ్యలోనే మొలిచి నీడ చేస్తుంది. ముళ్ళ మధ్యకు వేళ్ళు దూరవు. పొడుగాటి చిమటా ఒకటి దీనికోసమే విడిగా ఉంచుకోండి. బుడిపెల సందుల్లో దూదిలా తెల్లగా కనిపిస్తే పిండినల్లి. దూదిని ఆల్కహాల్‌లో ముంచి అద్దితే పోతుంది. కరువు ఏడాది కుందేళ్ళు కొరుకుతాయి, గిన్నెలా వంచిన జాలీ బోర్లిస్తే చాలు.

పూత, పండు

మొగ్గలు నడినెత్తిన ముళ్ళ మధ్య నుంచి గోధుమ, గులాబీ కలిసిన కొసలుగా బయటికొస్తాయి. కొలరాడో మైదానంలో మే చివర, జూన్. కెనడా వైపు జూన్, జూలై. ఎండ బాగా ఎక్కాకే పువ్వు విచ్చుకుంటుంది, సాయంత్రానికి ముడుచుకుంటుంది. ఒక్కో పువ్వు రెండు మూడు రోజులే. ఉదయం ఆఫీసుకెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవాళ్ళు ఏడాది మొత్తం పెంచి పువ్వు చూడకుండానే ఉండిపోతారు. ఆ వారం ఒక మధ్యాహ్నం ఇంటి నుంచి పని పెట్టుకోండి. తేనెటీగలు పసుపు కేసరాల్లో పడి దొర్లుతుంటాయి. అవి రాని చోట మెత్తటి కుంచెతో ఒక మొక్క పుప్పొడిని ఇంకో మొక్క పువ్వు మధ్యనున్న కీలాగ్రానికి మీరే అద్దొచ్చు.

కాయ వేసవి చివరికి పండుతుంది. రంగు మారదు కనుక వేలితో చూడాలి. పచ్చగా ఉండి మెత్తబడి, కాస్త లాగితే ఊడి వస్తే పండినట్టు. తినొచ్చు, పుల్లతీపిగా ఉంటుంది, ఒక్కోటి గోరంతే. నేను సగం తిని, మిగతా సగం నీళ్ళలో పిసికి, గింజలు టీ వడపోత జాలీలో కడిగి, కాగితం మీద వారం ఆరబెట్టి, మొక్క ఏ ప్రాంతపు గింజ నుంచి వచ్చిందో కవరు మీద రాసి డిసెంబరు దాకా దాచుతాను.